హాంకీ-టాంక్ వినాలంటే జార్జ్ జోన్స్ 1980 ఆల్బమ్‌తో మొదలుపెట్టండి

అమెరికా కంట్రీ సంగీతంలో ఒక రకమైన హాంకీ-టాంక్ పాటలు కొత్తగా వింటున్నానని, అన్నీ ఒకేలా ఏడుస్తున్నట్టు ఉన్నాయని, మొదలుపెట్టడానికి ఒకే ఒక్క ఆల్బమ్ చెప్పమని అడిగారు. నా సమాధానం కంట్రీ గాయకుడు జార్జ్ జోన్స్ 1980లో తెచ్చిన 'ఐ యామ్ వాట్ ఐ యామ్'. అందులో 10 పాటలున్నాయి. మొదటిదాన్ని మూడుసార్లు వినకుండా మాత్రం రెండోదానికి వెళ్లకండి.

నేను టెక్సాస్‌లోని బోమాంట్‌లో చదువుకున్నాను. అక్కడి లామార్ విశ్వవిద్యాలయానికి మన తెలుగు పిల్లలు చాలామంది వెళ్తారు. నేను అద్దెకున్న గది ఒక పెద్దాయన ఇంటి వెనకవైపు ఉండేది. ఆయన చమురు శుద్ధి కర్మాగారంలో పనిచేసి రిటైరయ్యారు. ఆదివారం సాయంత్రం కిటికీ తెరిచి, రికార్డు పెట్టి, వరండాలో కూర్చునేవారు. ఆ ఊరికి జోన్స్ పరాయివాడు కాదు. 1931లో దగ్గరలోని సారటోగాలో పుట్టి, చిన్నతనంలో బోమాంట్ వీధుల్లో గిటారు వాయించి చిల్లర సంపాదించుకున్నవాడు. 1901లో ఊరి పక్కనున్న స్పిండిల్‌టాప్ గుట్ట దగ్గర చమురు ఎగజిమ్మినప్పటి నుంచి అది కార్మికుల ప్రాంతం. పని దిగినవాళ్లు తాగి, నాట్యం చేసి, కొట్టుకునే రోడ్డు పక్క బార్లే హాంకీ-టాంక్‌లు. ఆ గోలలో మామూలు గిటారు ఎవరికి వినిపిస్తుంది? అందుకే కరెంటు గిటారు, తీగల మీద ఉక్కు కడ్డీ జరుపుతూ వాయించే స్టీల్ గిటారు, డ్రమ్ములు వచ్చాయి. తాగుడు, మోసం, విడిపోవడం అనే విషయాలు కూడా ఎదురుగా గ్లాసు పట్టుకుని కూర్చున్నవాళ్ల బతుకులోనివే. మీకు ఏడుపుగా వినిపిస్తున్నది అదే.

ఇక ఆ మొదటి పాట 'హీ స్టాప్డ్ లవింగ్ హర్ టుడే'. చచ్చేదాకా నిన్నే ప్రేమిస్తానని ఒకడు అంటాడు, కొన్నాళ్లకు మరిచిపోతావులే అని ఆమె అంటుంది. ఏళ్లు గడుస్తాయి. ఆమె ఫొటో గోడ మీదే ఉంటుంది. 1962 నాటి ఉత్తరాలు మంచం పక్కన ఉంటాయి, ప్రేమ అన్న మాట కనిపించిన ప్రతిచోటా ఎర్రగీత ఉంటుంది. ఈ రోజు స్నేహితుడు వెళ్లి చూస్తే, అతను చక్కగా ముస్తాబై ఉన్నాడు, ఎన్నో ఏళ్ల తరువాత ముఖంలో నవ్వు ఉంది, తలుపుకు పూలచక్రం కట్టి ఉంది. ఆమెను ప్రేమించడం ఈ రోజుతో మానేశాడు.

నేను విన్నది ఏమిటో తెలుసా? కొత్త బట్టలు, నవ్వు, గుమ్మానికి పూలు. మన ఇళ్లలో గుమ్మానికి పూలు కట్టేది శుభకార్యానికే కదా! అతనికి మళ్లీ పెళ్లి కుదిరిందనుకున్నాను. ఎంత బాగుంది, చివరికి సంతోషంగా ముగిసింది అని పెద్దాయనతో అన్నాను కూడా. ఆయన నవ్వలేదు. లేచి వెళ్లి ముల్లును మళ్లీ మొదటికి పెట్టి, ఇక్కడ మనిషి పోయిన ఇంటి తలుపుకు అలాంటి చక్రం తగిలిస్తారని మాత్రం చెప్పారు. రెండోసారి ఆ పాట విన్నప్పుడు నా ఒళ్లు గగుర్పొడిచింది. ముస్తాబు చేసింది ఎవరో, ఎందుకో అప్పుడు తెలిసింది. అన్న మాట ప్రకారం చచ్చేదాకా ప్రేమించాడు, అంతే.

మూడోసారి మాటలు వదిలేసి గొంతు ఒక్కటే వినండి. జోన్స్ పళ్లు బిగించి పాడుతున్నట్టు ఉంటుంది. ఒక స్వరం నుంచి ఇంకో స్వరానికి నేరుగా వెళ్లడు, కింది నుంచి పాకి, అంచు తాకి, జారుతాడు. అది గమకం కాదు గానీ, గమకాలకు అలవాటుపడ్డ చెవి దాన్ని తొందరగా పట్టుకుంటుంది. మధ్యలో నాలుగు పంక్తులు పాడకుండా మామూలుగా చెబుతాడు. మొదటి చరణం రికార్డు చేశాక ఆ నాలుగు పంక్తుల కోసం 18 నెలలు ఆగాల్సివచ్చిందని నిర్మాత బిల్లీ షెరిల్ చెప్పారు. జోన్స్ అప్పుడు మద్యంలో మునిగి ఉన్నాడు. గాయని టామీ వైనెట్‌తో 1975లో విడాకులయ్యాయి. ఇంత విషాదగీతం ఎవరు కొంటారని అతనికే నమ్మకం లేదు. తీరా విడుదలయ్యాక అది కంట్రీ పాటల జాబితాలో మొదటి స్థానానికి చేరింది. అతను ఒంటరిగా పాడిన పాటకు ఆ స్థానం దక్కి అప్పటికి దాదాపు ఆరేళ్లయింది.

నాలుగో పాటలో తెల్లవారుజామున 4 గంటలకు తాగి ఇంటికొచ్చినవాడు స్టీరింగు మీద తల వాల్చేస్తాడు, హారన్ మోగి వీధంతా లేస్తుంది. ఆ పాట వచ్చేసరికి పెద్దాయన ప్రతిసారీ ముల్లు ఎత్తి ఐదోదాని మీద పెట్టేవారు. తాగుడు మానేసి పదకొండేళ్లయిందని ఒకరోజు ఆయనే చెప్పారు. అది ఆల్బమ్‌లో రెండో గొప్ప పాట, మీరు దాటవేయకండి.

ఒక మాట ఒప్పుకోవాలి. షెరిల్ పెట్టించిన వయొలిన్ల హోరు, బృందగానం అసలు హాంకీ-టాంక్ సంప్రదాయంలోవి కావు. మొదటి పాటకు అవి ప్రాణం పోశాయి, మరికొన్ని చోట్ల నాకు బరువుగా అనిపిస్తాయి. వాద్యాలు తక్కువగా, నేల మీద నడిచినట్టుండే అసలు బాణీ కావాలంటే, ఆల్బమ్ పూర్తయ్యాక అతని 1955 నాటి 'వై బేబీ వై' వినండి. అది రికార్డు చేసేనాటికి జోన్స్‌కు 24 ఏళ్లు నిండలేదు. పెద్దాయన ఆ పాటకు మాత్రం వరండా చెక్క మీద బూటుతో తాళం వేసేవారు.