రంగూన్ వెళ్లే ముందు

గుంటూరు

చిరంజీవి చిన్నోడికి పెదనాన్న ఆశీస్సులు.

రంగూన్‌లో కారం మిల్లు పెడుతున్నావని మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది. ఆ పూట మిర్చి యార్డులో కనిపించిన ప్రతివాడికీ చెప్పుకున్నాను. రాత్రి మాత్రం కన్ను మూతపడలేదు.

మిషన్లు, కరెంటు, సరుకు సంగతి నీకు నేను చెప్పక్కర్లేదు. నా టెన్షనంతా కాగితం గురించే.

2013లో, బర్మా తలుపులు తెరిచిందని అందరూ ఎగబడుతుంటే నేనూ వెళ్లాను. అక్కడ 1987 నాటి చట్టం ప్రకారం విదేశీయుడు స్థలం కొనకూడదు. "నా పేరు మీద రాయిద్దాం, ఏం పర్లేదు" అన్నాడు అక్కడి పార్ట్‌నరు. వాళ్లమ్మ తేయాకు, వేరుశనగలు, నువ్వులు నూనెతో కలిపి లపెట్ చేసి, వద్దన్నా నా ప్లేటులో మళ్లీ వేసింది. అంత ప్రేమగా పెట్టిన ఇంట్లో రాతకోతలు అడగడానికి నోరు రాలేదురా. యార్డులో ఒక్క టిక్కీకి, అంటే ఒక్క మిర్చి బస్తాకి, చీటీ లేకపోతే గుమస్తాని చీల్చి చెండాడే నేను! గోడౌను అతని పేరునే రిజిస్టరైంది. 2021 ఫిబ్రవరిలో సైన్యం గద్దెనెక్కింది. ఆ తర్వాత అతను ఫోనెత్తలేదు. కోర్టుకెళ్తే ముందు నా మెడకే చుట్టుకుంటుందన్నాడు లాయరు.

అసలు నాకు బుద్ధుండొద్దూ? 1964లో కొట్టు సర్కారు లాక్కుంటే మీ తాతయ్య అక్కణ్ణుంచే ఓడెక్కి వచ్చాడు. అక్కడి డబ్బు క్యాట్‌లో 50, 100 నోట్లు చెల్లవన్నదీ ఆ ఏడాదే. ఆయన ట్రంకుపెట్టెలో మిగిలిన ఆ నోట్లతో పడవలు చేసి కాలవలో వదిలినవాణ్ణి నేను.

నువ్వు స్థలం కొనకు. 2016 పెట్టుబడి చట్టం కింద అనుమతి తీసుకుంటే 50 ఏళ్ల దాకా లీజు కంపెనీ పేరునే దొరుకుతుంది. లాభం ఎంతొస్తుందో నాకు చెప్పకు, దాన్ని ఇంటికెలా తెస్తావో చెప్పు. 2022 ఏప్రిల్‌లో చేతికొచ్చిన డాలర్లన్నీ ఒక్క రోజులో క్యాట్‌లు చేసుకోమన్నారు, వాళ్లు చెప్పిన డాలరుకు 1850 రేటుకే. తర్వాత విదేశీ పెట్టుబడిదారులకు మినహాయింపు ఇచ్చారులే. ఇచ్చినవాళ్లు తీసేయలేరా?

తిట్టానని మూతి ముడుచుకోకు. మీ నాన్న ఉంటే ఈ ఉత్తరం వాడే రాసేవాడు. ఆదివారం కాగితాలన్నీ పట్టుకుని భోజనానికి రా. కళ్లజోడు మార్పించాను, లైను లైనూ చదువుతాను.

నీ పెదనాన్న