గోళ్ళు పీకే ముందు ఆ కళ్ళజోడు సంగతి చూడు

తమ్ముడూ,

నీ స్క్రిప్ట్ చదివాను. పైన "ఇది చూసి జనం వాంతి చేసుకోవాలి సార్, అదే నా గోల్" అని రాశావు చూడు, అక్కడే మూసేద్దామనుకున్నా. వాంతి తెప్పించడానికి సినిమా ఎందుకయ్యా, ఉప్పునీళ్ళు చాలు.

కానీ మూయలేదు, నాలుగో పేజీ ఆపేసింది. కుర్చీకి కట్టేసిన ముసలి మాస్టారి దగ్గరికి ఆయన్ని హింసించేవాడొస్తాడు, ఆయన కళ్ళజోడు మెల్లగా తీస్తాడు, చొక్కా అంచుతో రెండద్దాలూ తుడుస్తాడు, మడిచి మళ్ళీ మాస్టారి జేబులోనే పెడతాడు. అది చదివి లేచి గదిలో కాసేపు తిరిగా. అద్దాలు పగలకూడదని అంత జాగ్రత్త పడేవాడు మనిషిని ఏం చేయబోతున్నాడో అని గుండె దడ పట్టుకుంది. నువ్వది కావాలనే రాశావో, ఫ్లోలో వచ్చేసిందో నాకు తెలీదు, ఎందుకంటే ఐదో పేజీకల్లా కటింగ్ ప్లేయర్ వచ్చేసింది, ఇక గోళ్ళు, నాలుక, కేకలు, పధ్నాలుగో పేజీ దాకా కేకలే, ఆ కళ్ళజోడు మళ్ళీ ఎక్కడా కనపడదు. నాకు ఒళ్ళు మండింది.

నాకో పిచ్చి ఉంది, నా దగ్గరికి వచ్చిన ప్రతి కుర్రాడికీ ఇదే చెప్పి విసిగిస్తుంటా. తెర మీద హింస ఒక పనిలా జరగాలి. చేసేవాడు అరవకూడదు, పళ్ళు కొరకకూడదు, రోజూ చేసే పనే అన్నట్టు చేసుకుపోవాలి. హాలీవుడ్ డైరెక్టర్ మార్టిన్ స్కోర్సేసీ 1967లో ద బిగ్ షేవ్ అని ఒక షార్ట్ ఫిల్మ్ తీశాడు, సుమారు ఆరు నిమిషాలు, ఒక్క డైలాగ్ లేదు. తెల్లటి బాత్రూమ్, వెనకాల పాత జాజ్ పాట, ఒకడు గడ్డం గీసుకుంటాడు. అయిపోయాక మళ్ళీ మొదలెడతాడు, తెగుతుంది, ఆపడు, మొహంలో ఏ మార్పూ ఉండదు, తెల్ల సింక్‌లో ఎర్రటి చుక్కలు పడుతుంటాయి. చివర్లో వియెట్ '67 అని అక్షరాలు పడతాయి, అంటే వియత్నాం యుద్ధం. రక్తం చాలానే ఉంది అందులో, తక్కువేం కాదు, నేను రక్తం వద్దని అనట్లేదు. వాడు ఒక్కసారి "అబ్బా" అని ఉంటే మాత్రం సినిమా పోయేది.

అలాగే 1929లో డైరెక్టర్ బున్యుయెల్, పెయింటర్ సాల్వదోర్ దాలీ కలిసి చేసిన అన్ షియెన్ ఆందాలూ అనే షార్ట్ ఫిల్మ్. కన్ను కోసే షాట్ అందరికీ తెలుసు, దాని స్క్రీన్‌షాట్ తిరుగుతూనే ఉంటుంది, దానికి ముందు ఏముందో ఎవడూ మాట్లాడడు. బున్యుయెలే నోట్లో సిగరెట్‌తో కత్తి నూరతాడు, బొటనవేలి గోరు మీద పదును చూసుకుంటాడు, బాల్కనీలోకొచ్చి చంద్రుణ్ణి చూస్తాడు, సన్నటి మబ్బు చంద్రుడి మీదుగా అడ్డంగా వెళ్తుంది, అప్పుడు కన్ను. అది చచ్చిన దూడ కన్ను, తేరిపార చూస్తే తెలిసిపోతుంది కూడా. అయినా ఇప్పటికీ మొహం తిప్పుకుంటాం, మబ్బు దాటేటప్పుడే మన బుర్రలో కోత పడిపోయింది మరి.

ఎంత రియల్‌గా తీస్తే అంత షాక్ కదా సార్ అన్నావు. 1985లో జపాన్‌లో గినీ పిగ్ అనే హారర్ సినిమాల సిరీస్‌లో ఫ్లవర్ ఆఫ్ ఫ్లెష్ అండ్ బ్లడ్ వచ్చింది, హిదేషి హినో అనే మాంగా (జపాన్ కామిక్స్) ఆర్టిస్ట్ తీశాడు, ఒక అమ్మాయిని ఎత్తుకొచ్చి ముక్కలు చేయడమే మొత్తం కథ. 1991లో హాలీవుడ్ నటుడు చార్లీ షీన్ అది చూసి నిజం హత్యే అనుకుని ఎఫ్‌బీఐకి కంప్లెయింట్ ఇచ్చాడు, అంత రియల్. అక్కడా వాడు తాపీగానే కోస్తాడు కదా, మరి మీ థియరీ ఏమైందంటావేమో. కానీ ఆ అమ్మాయి ఎవరో మనకి తెలీదే, ఆమె జేబులో కళ్ళజోడు లేదు. పనితనానికి దండం పెట్టొచ్చు, నాకు మాత్రం ఆ పిల్ల గురించి ఒక్క ముక్క గుర్తులేదు. నాట్యశాస్త్రంలో బీభత్సం వేరు, భయానకం వేరు, మొదటిదానికి స్థాయీభావం, అంటే మూలంలో ఉండే భావం, జుగుప్స (అసహ్యం), రెండోదానికి భయం. బీభత్సం నుంచి భయానకం పుడుతుందని కూడా అంటాడు అది రాసిన భరతముని. నీ పది పేజీలూ జుగుప్స దగ్గరే కూర్చున్నాయి.

నేను రాసినదాంట్లో ఒకసారి హత్య అయిపోయాక చంపినవాడు నేల తుడిచే సీన్ పెట్టా. గుడ్డ పిండటం, మళ్ళీ తుడవటం, మంచం కింద చుక్క మిగిలిందేమోనని వంగి చూడటం, అంతే. ఎడిటర్ మహాశయుడు లాగ్ ఉందని మొత్తం లేపేసి, పొడిచే షాట్‌ని మూడు యాంగిల్స్‌లో తిప్పి తిప్పి వేసి కింద ఢామ్మని ఒక సౌండ్ తగిలించాడు. స్క్రీనింగ్‌లో జనం నవ్వారు. నవ్వరా మరి, తట్టుకోలేనిది ఒక్కసారిగా మీద పడేస్తే మనిషి నవ్వి దులిపేసుకుంటాడు. పారిస్‌లో గ్రాన్ గిన్యోల్ అని ఒక థియేటర్ 1897 నుంచి 1962 దాకా నడిచింది, రక్తపాతమే దాని వ్యాపారం, వాళ్ళు ఒకే రాత్రి భయం నాటకాల మధ్య కామెడీలు వేసేవాళ్ళు, నవ్వుకి వేరే చోటిచ్చేశారు. ఆ తెలివి మా ఎడిటర్‌కి లేదు. ఇప్పుడు ఇంకో రోగం, మొదటి పదిహేను సెకన్లలో హుక్, అంటే చూసేవాణ్ణి పట్టి లాగేదేదో, లేకపోతే స్క్రోల్ చేసేస్తారంట! చేసుకోనీ. వాళ్ళకోసమా నువ్వు తీసేది?

పదకొండో పేజీలో కోడిని "ఒరిజినల్‌గా చంపుతాం" అని బ్రాకెట్‌లో రాశావు. ఆ లైన్ కొట్టెయ్, దీని మీద చర్చ లేదు. 1980లో కానిబల్ హోలోకాస్ట్ అనే సినిమా తీసిన ఇటలీ డైరెక్టర్ డెయోడాటో మీద నటుల్నే చంపాడని అనుమానం వస్తే, వాళ్ళు బతికే ఉన్నారని కోర్టులో చూపించుకోవాల్సి వచ్చింది. మనుషులు బతికే ఉన్నారు, జంతువుల్ని మాత్రం నిజంగానే చంపారు, ఆ మచ్చ ఇప్పటికీ పోలేదు. నిజంగా చంపడానికి కళ ఎందుకు, కత్తుంటే చాలు.

సరే, ఇలా ట్రై చెయ్. కళ్ళజోడు తీశాక మాస్టారికి సరిగ్గా కనపడదు కదా, దాన్ని వాడుకో. ఆయన కళ్ళతో చూపించు, అంతా మసక. వాడు బల్ల మీద గుడ్డ పరుస్తున్నాడు, ఒక్కో పనిముట్టూ పెడుతున్న చప్పుడు వినిపిస్తుంది, ఏది చిన్నదో ఏది బరువైందో చప్పుడుని బట్టి ఆయన లెక్కేసుకుంటుంటాడు, మనమూ లెక్కేస్తాం. ఒకటి పెట్టబోయి వాడు మనసు మార్చుకుని వెనక్కి తీసుకుంటాడు. ఆ తర్వాత ఒక్క గోరు చాలు, అది మాత్రం కట్ చేయకుండా పూర్తిగా చూపించు, నీ ఎక్స్‌ట్రీమ్ సరదా కూడా తీరుతుంది. మ్యూజిక్ వద్దు.

ఇంకా చాలా అడిగావు, కెమెరా, ఫెస్టివల్ ఫీజులు, వార్నింగ్ కార్డ్ ఎంతసేపు ఉంచాలి అని, అవన్నీ చెప్పే ఓపిక నాకు లేదు. ఏడు పేజీలకి దించి పంపు, చదువుతా. పోస్టర్‌కి మాత్రం ఇప్పుడే డబ్బులు తగలెయ్యకు, దాని మీది పుర్రె బొమ్మ నువ్వు గీసిందే అయితే ఏమీ అనను, గీయించుకున్నదైతే డబ్బులు వెనక్కి అడుగు.