గూగుల్ ప్రకటనల కేసు: నచ్చకపోతే వేరేది వాడుకోవచ్చు కదా, ఇందులో తప్పేముంది?

మీ ప్రశ్న చదివాను. తెలుగు వంటల సైట్ నడుపుతున్నారు, ప్రకటనల డబ్బు ఎంతో కొంత వస్తోంది. గూగుల్ ఎవరి మెడ మీదా కత్తి పెట్టలేదు, నచ్చనివాళ్లు వేరే కంపెనీకి పోవచ్చు, అలాంటప్పుడు ప్రకటనల వ్యాపారంలో గుత్తాధిపత్యం అంటూ అమెరికా కోర్టు దాన్ని తప్పు పట్టడమేంటి, ఆ తీర్పుతో మనలాంటి చిన్నవాళ్లకి ఒరిగేదేమైనా ఉందా అని అడిగారు.

"వేరే కంపెనీకి పోవచ్చు" అన్నారు చూడండి, ఒకప్పుడు నేనూ అదే అనేవాణ్ణి.

2013లో మాదాపూర్‌లో ఒక ఆఫీసులో చేరాను. అమెరికా పత్రికల వెబ్‌సైట్లలో ప్రకటనలు సెట్ చేసి పెట్టడం మా పని. సాయంత్రం ఆరున్నరకి క్యాబ్, తెల్లవారుజామున నాలుగింటికి ఇల్లు. ఈ పనిని మా ఫీల్డులో ట్రాఫికింగ్ అంటారు. పెళ్లిచూపుల్లో ఆ మాట మాత్రం ఎత్తొద్దని మా అక్క మరీ మరీ చెప్పింది.

మాకు పదకొండు మంది క్లయింట్లు ఉండేవాళ్లు. వాళ్లలో తొమ్మిది మంది వాడింది ఒకటే యాడ్ సర్వర్, గూగుల్ వారి డీఎఫ్‌పీ. పేజీలో ఖాళీ జాగా ఏ ప్రకటనకి ఇవ్వాలో తేల్చేది యాడ్ సర్వరే. గూగుల్ దీన్ని డబుల్‌క్లిక్ అనే కంపెనీతో పాటు 310 కోట్ల డాలర్లకు కొనుక్కుంది. అమెరికాలో పోటీ వ్యవహారాలు చూసే ఎఫ్‌టీసీ 2007 డిసెంబరులో సరేనంది, 2008లో కొనుగోలు పూర్తయింది. ఇక ప్రకటనల వేలం జరిగేది ఎక్స్చేంజిలో. గూగుల్ ఎక్స్చేంజి పేరు యాడెక్స్. డీఎఫ్‌పీ, యాడెక్స్ అక్కాచెల్లెళ్లు అనుకోండి. కేసంతా వీళ్లిద్దరి బంధుత్వం గురించే.

2016లో మా క్లయింట్లందరికీ హెడర్ బిడ్డింగ్ పిచ్చి పట్టింది. అంతకుముందు యాడ్ సర్వర్ ప్రకటనలు తెచ్చే ఒక్కో నెట్‌వర్క్‌ని వరసలో పిలిచేది, పోయిన నెల సగటున ఎక్కువ ఇచ్చినవాడు ముందు. ఇవాళ వెనక ఉన్నవాడు పది రెట్లు ఇస్తానన్నా వాడి వంతు వచ్చేదాకా ఎవరూ అడగరు. హెడర్ బిడ్డింగ్‌లో పేజీ తెరుచుకుంటుండగానే ఐదారు ఎక్స్చేంజీలని ఒకేసారి "ఎంతిస్తారు" అని అడుగుతారు. వచ్చిన రేటు పట్టుకెళ్లి యాడ్ సర్వర్‌కి చెప్పాలి. చిక్కు అక్కడే. డీఎఫ్‌పీకి బయటివాళ్ల రేటు నేరుగా చెప్పే దారి లేదు. అందుకని మేము ముందే రేట్ల మెట్లు కట్టి పెట్టేవాళ్లం: పది సెంట్ల లైను (సర్వర్‌లో ఒక ఎంట్రీ) ఒకటి, ఇరవై సెంట్ల లైను ఒకటి, అలా 20 డాలర్ల దాకా. ఒక్కో ఎక్స్చేంజికి 200 లైన్లు. ఐదు ఎక్స్చేంజీలకి వెయ్యి. (ఈ రేట్లన్నీ ప్రకటన వెయ్యిసార్లు చూపినందుకు.)

ఒక శుక్రవారం రాత్రి 2.30 డాలర్ల లైను దగ్గర 23.00 అని కొట్టాను. సోమవారం దాకా ఎవరూ చూడలేదు. రెండు డాలర్ల ముప్పై సెంట్లు ఇస్తానన్న ప్రతివాడినీ సర్వర్ 23 డాలర్ల ఆసామిగా నమ్మేసి, నిజంగా ఆరూ ఏడూ ఇచ్చేవాళ్లని తోసేసి జాగా వాళ్లకే ఇచ్చింది. పత్రిక చేతికొచ్చింది మాత్రం ఆ 2.30. టెన్షన్‌తో చెమటలు పట్టాయి. మా లీడ్ తిట్టలేదు. టీ తాగుతూ, "అసలు ఈ రేట్లు మనుషులెందుకు టైప్ చేయాల్సి వస్తోందో ఎప్పుడైనా ఆలోచించావా?" అని అడిగాడు.

ఎందుకంటే ఆ సర్వర్‌తో అప్పటికప్పుడు రేటు మాట్లాడగలిగేది చెల్లెలు యాడెక్స్ ఒక్కతే. మిగతావాళ్లంతా మేము కట్టిన మెట్ల మీదుగా దొడ్డిదారిన రావాలి. అంతటితో అయిపోలేదు. బయటివాడు 2.37 ఇస్తానంటే మా మెట్టు 2.30 దగ్గరే ఆగుతుంది. సర్వర్ ఆ 2.30నే యాడెక్స్‌కి చూపిస్తుంది, యాడెక్స్ ఒక్క సెంటు ఎక్కువిస్తే చాలు, జాగా దానిదే. అవతలివాడు నిజంగా ఇస్తానన్నది అంతకంటే ఎక్కువైనా సరే. దీన్నే లాస్ట్ లుక్ అంటారు. అందరూ తమ చీటీలు వేసేశాక, వాటిని చూసుకుని ఆఖర్న చీటీ వేసే హక్కు అన్నమాట. 2019లో గూగుల్ దీన్ని తీసేసింది. తీసేస్తూనే ఇంకో నియమం తెచ్చింది: పత్రికలు కనీస ధర పెట్టుకునేటప్పుడు యాడెక్స్‌కి మిగతావాళ్ల కంటే ఎక్కువ పెట్టకూడదు. తన సరుకుకి తాను ధర చెప్పుకునే వీలు కూడా పత్రికకి అలా తగ్గిపోయింది.

మా నాన్న గుంటూరు యార్డుకి మిర్చి టిక్కీలు (బస్తాలు) వేసుకెళ్లేవాడు. ఈ సంగతంతా ఆయనకి చెబితే ఒక్కటే అడిగాడు: "అమ్మేవాడి దళారీ, కొనేవాడి దళారీ, యార్డు ఓనరు, ముగ్గురూ ఒకే ఇంటివాళ్లా?" అవును మరి, అమ్మే పత్రికల వైపు డీఎఫ్‌పీ, కొనే ప్రకటనదారుల వైపు గూగుల్ యాడ్స్, మధ్యలో యార్డు యాడెక్స్, మూడూ గూగుల్‌వే. గూగుల్ లోపల కూడా ఒక అధికారికి ఇలాంటి పోలికే తట్టింది. షేర్లు కొని అమ్మే గోల్డ్‌మన్ శాక్స్‌కో సిటీబ్యాంక్‌కో న్యూయార్క్ స్టాక్ ఎక్స్చేంజి సొంతమైతే ఎలా ఉంటుందో మన పరిస్థితి అలా ఉందని ఆయన రాసుకున్న మాట కోర్టు ముందుకొచ్చింది.

ఇప్పుడు మీ అసలు ప్రశ్న. నచ్చకపోతే పోవచ్చు కదా? 2017లో మా క్లయింట్ ఒకాయన నిజంగానే పోదామనుకున్నాడు. వేరే కంపెనీ సర్వర్ చవక, సపోర్టూ బాగుంది. లెక్క వేసే పని నాకు పడింది. గూగుల్ యాడ్స్‌లో లక్షల మంది చిన్నా పెద్దా ప్రకటనదారులు ఉంటారు, పంటి డాక్టరు నుంచి బీమా కంపెనీ దాకా. వాళ్ల డబ్బులో పెద్ద భాగం ఇలాంటి సైట్లకి చేరేది యాడెక్స్ మీదుగా. యాడెక్స్ అప్పటికప్పటి వేలంలో పాల్గొనేదేమో డీఎఫ్‌పీ వాడేవాళ్ల దగ్గర. సర్వర్ మారిస్తే ఆ డబ్బు జారిపోతుంది. నేను చూపించిన షీటులో కింది గడి ఎర్రగా ఉంది. మీటింగ్ ఇరవై నిమిషాల్లో ముగిసింది. ఇది మా ఒక్కరి కథే కాదు. న్యూస్‌కార్ప్ అంతటి పెద్ద పత్రికల సంస్థ కూడా 2017లో ఇదే లెక్క వేసుకుంటే మారితే కనీసం 90 లక్షల డాలర్లు పోతాయని తేలిందని, అక్కడ పనిచేసిన ఆవిడ విచారణలో చెప్పారు.

జడ్జి లియోనీ బ్రింకెమా 2025 ఏప్రిల్ 17న ఇచ్చిన 115 పేజీల తీర్పులో తప్పు పట్టింది ప్రధానంగా దీన్నే. సర్వర్‌ని ఎక్స్చేంజితో ముడిపెట్టడం చట్టవిరుద్ధం, ఆ రెండు మార్కెట్లలోనూ గూగుల్ గుత్తాధిపత్యాన్ని అక్రమ పద్ధతుల్లో నిలబెట్టుకుంది అన్నారు. పెద్దగా ఎదగడం నేరమని ఎవరూ అనలేదు. 1890 నాటి షెర్మన్ చట్టం కూడా అలా అనదు. ప్రభుత్వం అన్నిట్లోనూ గెలవలేదు కూడా. ప్రకటనదారుల వైపు మార్కెట్‌లోనూ గుత్తాధిపత్యం ఉందన్న వాదన వీగిపోయింది, డబుల్‌క్లిక్‌ని కొనడమే తప్పన్న వాదనా నిలబడలేదు. నాకది సబబుగానే అనిపించింది. మమ్మల్ని ఇబ్బంది పెట్టింది కొనడం కాదు, కొన్న తర్వాత వేసిన ముడులు.

ఒక చిన్న ముచ్చట. ఈ కేసు మొదట జ్యూరీ ముందుకి వెళ్లాల్సింది. ప్రభుత్వం నష్టపరిహారం అడిగింది కాబట్టి. గూగుల్ ఆ మొత్తానికి సుమారు 23 లక్షల డాలర్ల చెక్కు ముందే కట్టేసింది, ఇక జ్యూరీ అక్కర్లేకపోయింది! డబ్బున్నవాళ్ల లాయర్ల బుర్రే వేరు.

వాట్సాప్‌లో ఇంకో కేసుని దీంతో కలిపేస్తున్నారు. క్రోమ్ అమ్మేయాలా వద్దా అన్నది సెర్చ్ కేసు, వాషింగ్టన్‌లో అమిత్ మెహతా గారి కోర్టులో. అమ్మక్కర్లేదని ఆయన 2025 సెప్టెంబరులో చెప్పారు. మన కేసు వర్జీనియాలోది. ఇక్కడ ప్రభుత్వం అడిగింది యాడెక్స్‌ని అమ్మించమని. గూగుల్ మాత్రం అమ్మక్కర్లేదు, బయటివాళ్ల సర్వర్లకూ యాడెక్స్ రేట్లు అప్పటికప్పుడు అందేలా చేస్తానంది. ఇదే పద్ధతుల మీద యూరోపియన్ కమిషన్ 2025 సెప్టెంబరు 5న 295 కోట్ల యూరోల జరిమానా వేసింది. మన దేశంలో కాంపిటీషన్ కమిషన్ 2022 జనవరిలో దర్యాప్తుకి ఆదేశించింది. ప్రకటనల ఆదాయంలో మా వాటా ఎలా లెక్కగడుతున్నారో మాకే తెలియడం లేదని ఫిర్యాదు చేసింది డిజిటల్ వార్తా సంస్థల సంఘం, మన ఈనాడు కూడా అందులో ఉంది.

మీ సైట్ సంగతి. మీరు వాడేది యాడ్‌సెన్స్, అంటే చిన్న సైట్లలో గూగులే నేరుగా ప్రకటనలు పెట్టే సేవ, డీఎఫ్‌పీ కాదు. కాబట్టి వర్జీనియా తీర్పుతో వచ్చే నెల మీ ఆదాయం పెరగదు. యాడ్‌సెన్స్ లెక్క గూగులే బయటపెట్టింది: గూగుల్ యాడ్స్ ద్వారా ప్రకటనదారు 100 రూపాయలు పెడితే కొనుగోలు వైపు సగటున 15 ఆగుతాయి, మిగిలిన 85లో 80 శాతం, అంటే 68 మీకు. రెండు వైపులా దళారీ ఒకరే అయితే లెక్క ఇలా ఉంటుంది. తెలుగు పేజీలకి రేటు తక్కువ రావడానికి మాత్రం ఇంకో కారణం ఉంది. యాడ్‌సెన్స్‌లో తెలుగుకి చోటు దొరికిందే 2018లో. తెలుగు పేజీల మీద ప్రకటన వేద్దామనుకునేవాళ్లు ఇప్పటికీ తక్కువే. ఆ తప్పు మొత్తం గూగుల్ మీద వేయలేం. తెలుగువాళ్లకే సరుకు అమ్ముతూ ఇంగ్లీషు పేజీలు వెతుక్కునే మన వ్యాపారులకీ అందులో వాటా ఉంది.

మీకు రోజుకి కనీసం కొన్ని వేల మంది వస్తుంటే ఇంకో ఎక్స్చేంజిని కూడా కలుపుకుని చూడొచ్చు. హెడర్ బిడ్డింగ్ చేసిపెట్టే ప్రీబిడ్ అనే ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ ఉచితం. కాకపోతే దానికి ఒక యాడ్ సర్వర్ కావాలి, చిన్నవాళ్లు ఎక్కువగా వాడే ఉచిత సర్వర్ మళ్లీ గూగుల్‌దే. డీఎఫ్‌పీకి 2018లో పేరు మార్చి గూగుల్ యాడ్ మేనేజర్ అన్నారు. నవ్వొస్తే నవ్వుకోండి. ముందు పులిహోర పేజీల్లాంటి ఓ ఇరవై పేజీల మీదే నెల రోజులు పెట్టి, పాత నెలతో పోల్చుకుని, ఆ తర్వాతే మిగతా పేజీలకి వెళ్లండి. రేట్ల లైన్లు మీరే టైప్ చేస్తుంటే చుక్క ఎక్కడ పడిందో ఒకటికి రెండుసార్లు చూసుకోండి. శుక్రవారం రాత్రి మాత్రం ఆ పని పెట్టుకోకండి.