డిప్లొమా చదివి మెషిన్లు తుడవాలా?

ప్రశ్న: మా అబ్బాయి మెకానికల్ డిప్లొమా ఫస్ట్ క్లాసులో పాసై, శ్రీసిటీలో ఒక కంపెనీలో ఏడాది అప్రెంటిస్‌గా చేరాడు. నెల దాటింది. పొద్దున వెళ్లగానే మెషిన్ తుడవడం, షిఫ్టు దిగేముందు నేల ఊడ్చడం. ‘దీనికా మూడేళ్లు చదివింది’ అని మానేస్తానంటున్నాడు. నాకూ మనసొప్పడం లేదు. ఏం చేయమంటారు? – ఒక తండ్రి, నాయుడుపేట

జవాబు: ఇప్పుడప్పుడే మాన్పించకండి. ముందు ఒక్క సంగతి కనుక్కోండి. వాడు తుడుస్తున్నది తను పనిచేసే మెషిన్‌నా, ఆఫీసు వరండాలనా?

తన మెషిన్, దాని చుట్టూ ఉన్న నేల అయితే నామోషీ పడాల్సిందేమీ లేదు. జపాన్ కంపెనీల నుంచి వచ్చిన ‘ఫైవ్ ఎస్’ పద్ధతి ఇప్పుడు చాలా ఫ్యాక్టరీల్లో ఉంది. అక్కర్లేనివి తీసేయడం, ఉన్నవాటికి చోటు పెట్టడం, శుభ్రం చేయడం, అందరూ ఒకే తీరున చేయడం, దాన్ని అలవాటుగా నిలుపుకోవడం. గోడమీద చార్టు చూసి ఈ ఐదూ ఎవరైనా బట్టీ పడతారు. మూడోది మాత్రం చేత్తో చేస్తేగానీ ఒంటబట్టదు. ఆయిల్ ఎక్కడ కారుతోంది, ఏ బోల్టు వదులైంది అనేవి తుడిచేటప్పుడే కదండీ కంటపడేది! మెషిన్ ఆగకముందే తేడా పసిగట్టే కుర్రాడిని మెయింటెనెన్స్ వాళ్లు వదులుకోరు.

క్వాలిటీ సంగతీ ఇంతే. జాబ్, అంటే మెషిన్ మీద తయారయ్యే ముక్క, బిగించేచోట సన్నటి ఇనుప రజను ఒక్కటి మిగిలినా జాబ్ సరిగ్గా కూర్చోదు. డ్రాయింగులో 0.02 మిల్లీమీటర్ల తేడాకే అనుమతి ఉంటే ఆ పీసు రిజెక్టే. మన తలవెంట్రుకే అంతకన్నా లావు.

ఇక ఒంటి భద్రత మాట. నేలమీద కూలెంట్ (కోసేటప్పుడు వేడి తగ్గించే ద్రవం) ఒలికితే జారిపడేది తిరుగుతున్న మెషిన్ పక్కనే. చిప్స్‌ని, అంటే కోసేటప్పుడు రాలే లోహపు తునకల్ని, చేత్తో లాగొద్దని, మెషిన్ ఆపి బ్రష్‌తోనో హుక్‌తోనో తీయమని చెప్పండి. షిఫ్టు అయ్యాక గాలి ఊదే ఎయిర్ గన్‌తో బట్టలమీద దుమ్ము ఊదుకోవడం కుర్రాళ్లకు సరదా. ఆ రజను కంట్లో పడితే ఆసుపత్రే. కూలెంట్ తడిసిన గుడ్డ జేబులో పెట్టుకోవడమూ వద్దు, చర్మం దురదలు పెట్టి పొక్కులొస్తాయి.

అలాగని కంపెనీ ఏం చెప్పినా తలూపమనను. నెలలు గడుస్తున్నా మెషిన్ మీద చెయ్యి పెట్టనివ్వకపోతే, వరండాలు ఊడ్పిస్తూ ఉంటే, అది మీ అబ్బాయిని చవకగా వాడుకోవడమే. 1961 నాటి అప్రెంటిస్ చట్టం ప్రకారం అతను అక్కడ శిక్షణ పొందడానికి వచ్చినవాడు. ఆ శిక్షణ ఎంతవరకు వచ్చిందో కంపెనీ రికార్డు ఉంచాలి. అబ్బాయి దగ్గర అప్రెంటిస్ ఒప్పందం కాపీ ఉందా? లేకపోతే వెంటనే అడిగి తీసుకోమనండి. ఏ రోజు ఏ మెషిన్ మీద ఏం చేశాడో నోటుబుక్కులో తనూ రాసుకోవాలి. తుడిచినప్పుడు కనిపెట్టిన లోపాలు కూడా అందులో ఉంటే రేపు ఇంటర్వ్యూలో చెప్పుకోవడానికి పనికొస్తాయి.

మరో నెల చూసి, మార్పు లేకపోతే ఆ నోటుబుక్కుతో ట్రైనింగ్ ఇన్‌ఛార్జిని కలవమనండి. గొడవ పెట్టుకోకుండా, ‘సార్, నన్ను ఏ సెక్షన్‌లో ఎప్పుడు వేస్తారు?’ అని అడిగితే చాలు. అక్కడా జవాబు రాకపోతే, ఒప్పందం డిప్లొమా అప్రెంటిస్‌గా నమోదైందో లేదో చూసుకుని, చెన్నైలోని అప్రెంటిస్‌షిప్ ట్రైనింగ్ బోర్డుకు రాతపూర్వకంగా ఫిర్యాదు పంపండి.