కెమెరా బాడీ మీద మోజు తగ్గించుకో, అబ్బయ్యా

నెల్లూరు

చిరంజీవి అల్లుడికి మామయ్య ఆశీస్సులు.

కావలిలో పెళ్ళిళ్ళ పని మొదలుపెడతానని, కెమెరా కోసం డబ్బు సర్దుకున్నానని ఫోన్‌లో చెప్పావు. ఏది కొనాలో ఫోన్‌లో తేలే సంగతి కాదు కాబట్టి రాస్తున్నా. మీ అమ్మ గాజులు తాకట్టు పెడతానంటోందట. ఆ పని మాత్రం చేయించకు. నీ చేతిలో ఉన్న డబ్బుకే పనికొచ్చే కెమెరా దొరుకుతుంది.

షాపులో అడుగు పెట్టగానే మెగాపిక్సెళ్ళ లెక్క చెప్తారు. ఆ లెక్క వదిలెయ్. 24 మెగాపిక్సెల్ బాడీతో (లెన్స్ కాకుండా ఒట్టి కెమెరాను బాడీ అంటారు) పెళ్ళి ఆల్బమ్ నిశ్చింతగా వేయొచ్చు. నువ్వు ఆలోచించాల్సింది ముహూర్తం టైము గురించి. మన వైపు ముహూర్తం అర్ధరాత్రో తెల్లవారుజామునో పడితే ఆశ్చర్యం లేదు. స్టేజీ వెనకంతా డెకరేషన్ వాళ్ళ రంగురంగుల ఎల్ఈడీలు, ముందు వీడియో అబ్బాయి పట్టుకున్న లైటు ఒక్కటి. అతను అటు తిరిగాడా, నీకు చీకటే. సరిగ్గా అప్పుడే తలంబ్రాలు మొదలవుతాయి.

కెమెరాతో పాటు వచ్చే 18-55 కిట్ లెన్స్‌ను 55 వరకు జూమ్ చేస్తే ఎఫ్ 5.6 దాటి తెరుచుకోదు (ఎఫ్ అంకె ఎంత తగ్గితే లెన్స్ అంత ఎక్కువ తెరుచుకున్నట్టు). వెలుగు చాలక ఐఎస్ఓను (వెలుగును పట్టే శక్తిని) 6400కి పెంచినా షట్టర్ 1/30 సెకను దగ్గరే ఆగిందనుకో, బియ్యపు గింజలన్నీ గీతలు పడతాయి, పెళ్ళికూతురి చెయ్యి చెరిగిపోతుంది. అదే బాడీకి 50 ఎంఎం ఎఫ్ 1.8 లెన్స్ తగిలించు. వెలుగు దాదాపు పది రెట్లు ఎక్కువ లోపలికి వస్తుంది. షట్టర్ 1/250 దాటుతుంది, గింజలు ఒక్కొక్కటిగా గాల్లో నిలబడి కనిపిస్తాయి. కాకపోతే ఎఫ్ 1.8లో ఒక మొహం షార్ప్‌గా ఉంటే పక్క మొహం తేలిపోతుంది. ఇద్దరినీ కలిపి తీసేటప్పుడు 2.8కి తెచ్చుకో.

అందుకే డబ్బులో సగానికి మించి బాడీకి పెట్టకు. కొత్తది కొనే కన్నా, ఒక మెట్టు పైన ఉన్న సెకండ్ హ్యాండ్ బాడీ కొను. నికాన్ అయితే డి7200 చూడు. 2015లో వచ్చింది, పాతదే. కానీ రెండు మెమరీ కార్డు స్లాట్లు ఉన్నాయి. మంగళసూత్రం కట్టే ఘట్టం రెండోసారి రాదు, ఒక కార్డు మొరాయిస్తే ఇంకో దాంట్లో ఫోటోలు ఉండాలి. దాని తర్వాత వచ్చిన డి7500లో ఒక్క స్లాటే ఇచ్చారు, ఎందుకో వాళ్ళకే తెలియాలి. కెనాన్ డీఎస్ఎల్ఆర్‌లలో (లోపల అద్దం ఉండే కెమెరాలు) ఇలాంటి చిన్న ఏపీఎస్-సి సెన్సర్‌తో రెండు స్లాట్లు కావాలంటే 7డి మార్క్ 2 ఒక్కటే. 80డి కూడా మంచి బాడీయే, ఒక్క స్లాటుతో సర్దుకోవాలి అంతే.

షాపువాళ్ళు చిన్నగా ముద్దుగా ఉందని కెనాన్ 200డి మార్క్ 2 అంటగట్టొచ్చు. ఇంట్లో పిల్లల్ని తీసుకోవడానికి బాగుంటుంది. కానీ దాని హాట్ షూ (పైన ఫ్లాష్ తగిలించే చోటు) మధ్యలో ఉండాల్సిన పిన్ లేదు. చవకలో దొరికే మామూలు ఫ్లాష్‌లు, ట్రిగ్గర్లు దాని మీద వెలగవు. నికాన్ డి3500తో ఇంకో తంటా: ఫోకస్ మోటార్ బాడీలో లేదు. పాత 50 ఎఫ్ 1.8డి లెన్స్ తగిలిస్తే చేత్తో తిప్పుకోవాల్సిందే.

కెనానా, నికానా అని తల బద్దలు కొట్టుకోకు. మొదటి ఏడాది నువ్వు ఎవరి వెంట సెకండ్ కెమెరాగా పోతావో వాళ్ళ దగ్గర ఏది ఉంటే అది తీసుకో. అవసరానికి లెన్స్ అరువు దొరుకుతుంది, ఆల్బమ్‌లో రంగులు కలపడం కూడా తేలిక.

అద్దం లేని మిర్రర్‌లెస్ కెమెరాల రోజుల్లో డీఎస్ఎల్ఆర్ ఏందని నీ ఫ్రెండ్స్ అంటారు. నిజమే, 2020 తర్వాత కెనాన్ గానీ నికాన్ గానీ కొత్త డీఎస్ఎల్ఆర్ తేలేదు. మంచి బాడీలు సెకండ్ హ్యాండ్‌లో నీకు అందే ధరకు వస్తున్నది కూడా అందుకే. పైగా బ్యాటరీ బాగా నిలుస్తుంది, రాత్రంతా జరిగే పెళ్ళిలో ఆ తేడా తెలుస్తుంది. రేపు మిర్రర్‌లెస్‌కు మారినా కెనాన్ ఈఎఫ్ లెన్సులు (వాళ్ళ డీఎస్ఎల్ఆర్ లెన్సులు) అడాప్టర్‌తో పనిచేస్తాయి. నికాన్‌లో మాత్రం మోటార్ లెన్స్‌లోనే ఉన్న ఏఎఫ్-ఎస్ రకమే కొను. పాత రకాలకు వాళ్ళ అడాప్టర్ మీద ఆటో ఫోకస్ రాదు.

సెకండ్ హ్యాండ్ బేరానికి పోయినప్పుడు నీ కార్డు నువ్వే తీసుకుపో. ఒక ఫోటో తీసి షట్టర్ కౌంట్ (ఇప్పటిదాకా ఎన్ని క్లిక్కులు కొట్టిందో) చూడు. నికాన్‌లో అయితే ఫోటో ఫైల్లోనే ఉంటుంది. కెనాన్‌లో చాలా మోడళ్ళకు కేబుల్ పెట్టి సాఫ్ట్‌వేర్‌తో చూడాలి. డి7200 షట్టర్‌ను లక్షన్నర క్లిక్కులకు పరీక్షించారు. లక్షా ఇరవై వేలు కొట్టిన బాడీని సగం వాడినదని చెప్తే నమ్మకు. తర్వాత ఎఫ్ 16 పెట్టి ఖాళీ ఆకాశాన్ని తియ్యి, సెన్సర్ మీద మరకలుంటే నల్లచుక్కలు కనిపిస్తాయి. లెన్స్‌కు రెండు వైపులా మూతలు తీసి సెల్ టార్చ్ వెనక నుంచి కొట్టి చూడు. లోపల సాలెగూడులా సన్నటి దారాలు కనిపిస్తే అది ఫంగస్. ఎంత తగ్గిస్తానన్నా వద్దు. మన సముద్రపు గాలికి ఫంగస్ త్వరగా పడుతుంది. నీ లెన్సులు కూడా గాలి చొరబడని డబ్బాలో సిలికా జెల్ వేసి పెట్టుకో, బ్యాగులో వదిలెయ్యకు. కొత్తది కొంటే జీఎస్టీ బిల్లు, ఇండియా వారంటీ కార్డు రెండూ చేతికి వచ్చాకే డబ్బివ్వు. మద్రాసులో బిల్లు లేకుండా తక్కువకిస్తామంటారు. రిపేరుకు పోయినప్పుడు ఆ తక్కువంతా కక్కాల్సి వస్తుంది.

ఫ్లాష్ ఒకటి తప్పనిసరి. తల పైకీ పక్కకీ తిప్పగలిగేది కొను, వెలుగును సీలింగ్‌కేసి కొట్టు. షామియానాలో మాత్రం పైకి చూసుకో. గులాబీ రంగు గుడ్డ ఉంటే పెళ్ళికొడుకు మొహం కూడా గులాబీ రంగే. అప్పుడు పక్కనున్న తెల్లగోడకో, ఫ్లాష్‌కు కట్టిన తెల్లకార్డుకో కొట్టాలి.

పిట్టల కోసం 150-600 లెన్స్ కావాలన్నావు. జిల్లాలు విడగొట్టాక నేలపట్టు పక్షుల కేంద్రం తిరుపతి జిల్లాలోకి పోయింది గానీ, మనకు దగ్గరే. గూడబాతులు ఎక్కడికీ పోవు, చలికాలానికి మళ్ళీ వస్తాయి. ఈ ఏడాదికి 55-250 లాంటి చిన్న జూమ్ లెన్స్‌తో తియ్యి. పులికాట్ సరస్సు దగ్గర ఎంత పెద్ద లెన్స్ ఉన్నా ఎండెక్కాక నీటి మీది వేడిగాలికి ఫోటో అలలు పడుతుంది. పొద్దున్నే పోవాలి.

బేరం కుదిరేలా ఉంటే ఆదివారం ఆ బాడీ పట్టుకుని నెల్లూరు రా. కార్డు, లాప్‌టాప్ మరిచిపోకు. నా 50 ఎంఎం వాడకుండా పడి ఉంది. దాని మౌంట్ (బాడీకి తగిలించే భాగం) నీ బాడీకి కలిస్తే తీసుకుపో, ఆ డబ్బు రెండో బ్యాటరీకి పెట్టుకుందువు.

ఇట్లు,
మీ మామయ్య