సెలెస్టీన్, బోనిఫేస్: ఇద్దరిలో ఎవరు మెరుగైన పోప్?

అడిగిన ప్రశ్న: 1294లో ఒకరి వెనక ఒకరు పోప్ అయిన ఐదో సెలెస్టీన్, ఎనిమిదో బోనిఫేస్‌లలో ఎవరు మెరుగు?

నాకు కొంచెం పక్షపాతం ఉంది, ముందే చెప్పేస్తున్నా. నేను రోమ్‌లో రెండేళ్లు చదివిన సపియెంజా యూనివర్సిటీని 1303లో పెట్టింది బోనిఫేసే. మాది క్యాథలిక్ కుటుంబమే అయినా, అక్కడికి వెళ్లేదాకా ఈ ఇద్దరి పేర్లూ నేను వినలేదు.

సెలెస్టీన్ అసలు పేరు పియెత్రో. ఇటలీలోని అబ్రుజ్జో కొండల్లో ఒంటరిగా తపస్సు చేసుకునే సన్యాసి. అంతకుముందు పోప్ నాలుగో నికోలస్ పోయాక, కొత్త పోప్‌ని ఎన్నుకోవాల్సిన చర్చి పెద్దలు, అంటే కార్డినల్స్, రెండేళ్ల మూడు నెలలు ఎటూ తేల్చలేదు. దేవుడికి కోపం వస్తుందని ఈయన హెచ్చరిస్తే, చివరికి ఈయన్నే ఎన్నుకుని కూర్చున్నారు! అప్పటికే వయసు ఎనభై చుట్టుపక్కల. లాక్విలా ఊళ్లోకి గాడిద మీద వచ్చారు. పగ్గం పట్టుకుని నడిచింది నేపుల్స్ రాజు రెండో చార్లెస్, ఆయన కొడుకు.

ఆ తర్వాత కూడా పగ్గం రాజు చేతిలోనే ఉండిపోయింది. 12 మంది కొత్త కార్డినల్స్‌లో ఏడుగురు ఫ్రెంచివాళ్లు. పోప్ రోమ్ వెళ్లకుండా నేపుల్స్‌లో రాజుగారి కోటలోనే మకాం. ఒకే పదవిని ఒకరికి మించి రాసిచ్చేవారట. ఐదు నెలలకే, డిసెంబర్ 13న, నా వల్ల కాదని దిగిపోయారు. ఆయన పోప్‌గా చేసిన మంచి పని అదేనని నా అభిప్రాయం.

దిగిపోవడం చట్టప్రకారం చెల్లుతుందని సలహా ఇచ్చిన న్యాయకోవిదుడు బెనెదెత్తో కయెతానీ. పదకొండు రోజులకు పోప్ అయింది కూడా ఆయనే, బోనిఫేస్ పేరుతో. ఇక పుకార్లు పుట్టకుండా ఉంటాయా? కానీ పని తెలిసిన మనిషి. సెలెస్టీన్ ఇష్టానుసారం ఇచ్చిన వరాలు రద్దు చేశారు, కొలువును రోమ్‌కి తెచ్చారు, 1298లో చర్చి చట్టాల సంపుటం వెలువరించారు, 1300లో తొలి జూబిలీ (రోమ్ యాత్ర చేసినవాళ్లకు పాపక్షమ ఇచ్చే పవిత్ర సంవత్సరం) జరిపించారు.

నేను ఆయన్ని వెనకేసుకురాలేనిది ఒక్కచోట. శత్రువులు ముసలాయన్ని పోటీ పోప్‌గా నిలబెడతారని భయం. అది ఉత్త భయమేమీ కాదు. అయినా, సముద్రం దాటి పోదామనుకున్న సన్యాసిని పట్టి తెప్పించి ఫుమోనే కోటలో పెట్టడం, ఆయన 1296లో అక్కడే పోవడం... మింగుడుపడదు.

ఫుమోనే ఉన్నది బోనిఫేస్ సొంతూరు అనాగ్నికి దగ్గర్లోనే. ఒక ఆదివారం రైలెక్కి అనాగ్ని వెళ్లాను. ఫ్రెంచి రాజు నాలుగో ఫిలిప్‌తో పన్నుల దగ్గర మొదలైన గొడవ ముదిరి, 1303 సెప్టెంబర్‌లో రాజు మనిషి నొగారే, బోనిఫేస్‌కి శత్రువులైన కొలొన్నా కుటుంబానికి చెందిన షర్రా కొలొన్నా సైనికులతో ఈయన మీద పడింది ఇక్కడే. అప్పుడు ఆయన్ని చెంప మీద కొట్టారని చెప్పి 'చెంపదెబ్బ గది' అని ఒకటి చూపిస్తారు. నిజంగా కొట్టారో లేదో గానీ టికెట్లు మాత్రం బాగానే తెగుతున్నాయి. ఊరివాళ్లు విడిపించినా, నెల తిరిగేసరికి బోనిఫేస్ పోయారు.

కాబట్టి పోప్‌గా బోనిఫేసే. జనం మనసులో మాత్రం లెక్క వేరు. లాక్విలాలోని కొల్లెమజ్జో చర్చిలో సెలెస్టీన్ సమాధి దగ్గర నేనున్న అరగంటలోనే ఎంతమంది మోకరిల్లారో! బోనిఫేస్ సమాధి వాటికన్‌లో సెయింట్ పీటర్స్ కింది గదుల్లో ఉంది. ఆయన పెట్టిన యూనివర్సిటీలో చదువుతూ అక్కడికి రెండుసార్లు వెళ్లాను. రెండుసార్లూ చూసుకోకుండా దాటిపోయాను.