సర్క్యూట్ డిజైన్‌కు ఏ లినక్స్ డిస్ట్రో (లినక్స్ రకం) మంచిది?

డిస్ట్రో కన్నా ముందు, మీరు నడపబోయే సాఫ్ట్‌వేర్ ఏదో తేల్చుకోండి. జవాబు అందులోనే ఉంటుంది.

పీసీబీ (సర్క్యూట్ బోర్డు) గీయడానికి కైక్యాడ్, సర్క్యూట్ సిమ్యులేషన్ కోసం ఎన్‌జీస్పైస్ చాలనుకుంటే ఉబుంటు ఎల్‌టీఎస్ (దీర్ఘకాల మద్దతు ఉండే విడుదల) గానీ, దాని మీద కట్టిన మింట్ గానీ హాయిగా సరిపోతుంది. అయితే ఒక జాగ్రత్త. ఉబుంటు 24.04 సొంత సాఫ్ట్‌వేర్ భాండాగారంలో ఉన్నది కైక్యాడ్ 7. కొత్త వెర్షన్‌లో సేవ్ చేసిన ఫైలు పాత వెర్షన్‌లో తెరుచుకోదు. మీ బృందంలో ఒకరు 9 వాడుతూ ఉంటే మీరు అక్కడే ఆగిపోతారు. అందుకే కైక్యాడ్ వారి పీపీఏ (ఉబుంటు కోసం వారు విడిగా నడిపే భాండాగారం) నుంచి గానీ, ఫ్లాట్‌ప్యాక్‌ (ఏ డిస్ట్రోలోనైనా నడిచే ప్యాకేజీ)గా గానీ వేసుకోమని గట్టిగా చెబుతాను. డెబియన్ 12లో ఉన్నది ఇంకా పాతది, కైక్యాడ్ 6. తెర మీద కిటికీలను చూపే వ్యవస్థలు రెండున్నాయి, వేలాండ్, ఎక్స్11; ఉబుంటు 24.04లో లాగిన్ అయ్యేటప్పుడు వేలాండ్ బదులు ఎక్స్11 ఎంచుకోండి. వేలాండ్‌లో కర్సరు, కిటికీల స్థానాలు ఇబ్బంది పెడతాయి.

చిప్ డిజైన్ సంగతి వేరు. కేడెన్స్, సినాప్సిస్ కంపెనీల చిప్ డిజైన్ సాఫ్ట్‌వేర్లు ప్రధానంగా రెడ్ హ్యాట్ ఎంటర్‌ప్రైజ్ లినక్స్‌ను లక్ష్యంగా చేసుకుంటాయి. ఖర్చు లేకుండా ఆ వాతావరణం కావాలంటే దానికి అనుగుణంగా కట్టిన ఉచిత డిస్ట్రోలు రాకీ లేదా ఆల్మా తీసుకోండి. ఇదే కోవకు చెందిన పాత ఉచిత డిస్ట్రో సెంటాస్ 7కు మద్దతు 2024 జూన్ 30తో ముగిసింది, కొత్తగా దాన్ని వేయవద్దు. ఎఫ్‌పీజీఏ (తర్వాత ప్రోగ్రామ్ చేసుకోగల చిప్) కోసం ఏఎమ్‌డీ వారి వివాడో సాఫ్ట్‌వేర్ అయితే ఉబుంటు ఎల్‌టీఎస్ కూడా పనికొస్తుంది, కానీ ఏ వివాడో విడుదలకు ఏ ఉబుంటు వెర్షనో వారి పట్టికలో చూసుకున్నాకే డౌన్‌లోడ్ మొదలుపెట్టండి. అది పదుల గిగాబైట్ల వ్యవహారం.

ఉబుంటులో బోర్డు సీరియల్ పోర్టు తెరుచుకోకపోతే డిస్ట్రోను మార్చకండి. మీ ఖాతాను డయలౌట్ (dialout, సీరియల్ పోర్టు వాడే అనుమతి ఇచ్చే) గ్రూపులో చేర్చి, మళ్లీ లాగిన్ అవ్వండి.